కోతల పండుగ పుంజు

మొన్న ఆదోని సంతలో తడి ఈకల వాసన ముక్కుకు తగలగానే మా పుంజు గుర్తొచ్చింది. అది ఇక్కడ కూస్తే ఆలూరులో జనం లేచి పళ్లు తోముకునేవారు.

ఆదోని, ఎమ్మిగనూరు లూథరన్ సంఘాలకు ఒక్కరే పాస్టరు అయ్యగారు. అందుకే కోతల పండుగ కలిసి చేసేవారు. దేవునికి తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ ఆరాధన అయ్యాక గుడి ముందే వేలం వేసేవారు. ఆ ఏడు అమ్మ మా పుంజును చంకన పెట్టుకుంది.

"నీకు జొరమొచ్చినప్పుడు మొక్కుకున్నా రా, నువ్వు బతికితే దీన్ని దేవునికిస్తానని."

ఏడుస్తూనే వెంట వెళ్లాను. ఎమ్మిగనూరు సంఘపెద్ద, మీసాలతో గుడంతా ఊడ్చేయగల మనిషి, పుంజును వేలంలో పాడుకున్నాడు. నా కన్నీళ్లకు తుంగభద్ర పొంగుతుందని భయపడ్డాడో ఏమో, దాన్ని నా చేతుల్లోనే పెట్టాడు.

"ఏడవొద్దప్పా, నీ పుంజు నువ్వే తీస్కపో."

నేను దాన్ని దూరంగా పట్టుకుని అరిచాను. "వద్దు పెద్దయ్యా! ఇది ఇంటికొస్తే దేవుడు నన్ను తీస్కపోతాడు!"

రెండు సంఘాలూ పొట్టలు పట్టుకుని నవ్వాయి. "యాడ నేర్సినావురా ఈ బేరం?" అని అయ్యగారూ నవ్వారు.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. పుంజును నా చేతుల్లోంచి లాక్కుని, పరుగున పోయి మళ్లీ వేలానికే ఇచ్చేసింది.

ఆమె ఎందుకు నవ్వలేదో, నా బిడ్డ ఒళ్లు మొదటిసారి జ్వరంతో కాలినప్పుడు గానీ నాకు తెలియలేదు.