గేటు దగ్గరి గుండాయన

చదువుకుంటే మనిషికి తెలివి పెరుగుతుందని గట్టిగా నమ్మేవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఇక్కడితో ఆపేయండి. ఇంకో రెండు పేజీల్లో మీ నమ్మకం మట్టికొట్టుకుపోతుంది, తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు. బి.ఏ. ప్యాసై, అది చాలదన్నట్టు ట్రైనింగు కాలేజీలో బి.ఇడి.కి చేరిన కొత్తల్లోనే, ఒక ఆదివారం, పట్టపగలు, కళ్ళు రెండూ శుభ్రంగా తెరుచుకుని ఉండగా నేనొక ఘనకార్యం చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నాకు మతితో ఆగలేదు. వచ్చిన మొగుడు కూడా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మాది కడప. అత్తగారిది కర్నూలు జిల్లా ఆలూరు. మా ఆయన మిలటరీలో చిన్న ఆఫీసరు. పెళ్ళికని సెలవు పెట్టి వచ్చారు. తాళి కట్టిన మూడో రోజే వెంటనే రమ్మని తంతి వచ్చింది, ఆయన మెడలో దండ వాడకముందే రైలెక్కారు. ఆ మూడు రోజుల్లో ఆయన్ని ఎంత చూశానంటారా? ఆ కాలంలో పెళ్ళికూతురు తలెత్తితే మేనత్తలు మెడ పట్టుకుని కిందికి వంచేవాళ్ళు. తలంబ్రాలప్పుడు ఎట్లాగో తెగించి తలెత్తాను, బియ్యం గింజలు సరిగ్గా కళ్ళల్లో పడ్డాయి. ఆ తర్వాత ఇంటినిండా చుట్టాలు. కాబట్టి నేను తీరిగ్గా చూసినవి ఆయన పాదాలు మాత్రమే. అవి నాకు కంఠతా వచ్చు. మిగతా మనిషిని ఆయన పంపిన ఫోటోలో చూసుకున్నాను. టోపీ, యూనిఫారం, మెలితిప్పిన మీసం. ఏడాదికి పైగా నా కాపురమంతా ఆ ఫోటోతోనే.

"ఊరికే కూర్చుని శెనక్కాయలు ఒలిచే బదులు పై చదువు చదువుకో" అని రాసింది ఆయనే. మా అత్తగారిని ఒప్పించడం మాత్రం నా తల ప్రాణం తోకకు తెచ్చింది. ట్రైనింగు కాలేజీ కర్నూల్లో ఉంది, అప్పుడది ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులకు ఇళ్ళు చాలక గుడారాలు వేసుకుని రాజ్యం నడిపేవాళ్ళు. ఆ గుడారాల సంగతి ఆలూరిదాకా పాకింది.

"గుడారాలేసుకోని వేలమంది మొగోళ్ళు ఉండారంట ఆడ! ఒంటి ఆడపిల్ల ఆ ఊర్లో ఎట్లుంటాది?" అంది అత్త.

"హాస్టలుండాది అత్తా. గేటుండాది. కాపలా మనిషుండాడు."

"గేటుంటే సాలునా? దాన్ని తీసేది మనిసే గదా." చాలాసేపు ఆలోచించి చివరికి తీర్పు చెప్పింది. "సరే, పో. ఒగ మాట మాత్రం యాదిలో పెట్టుకో. పరాయి మొగోనితో మాట్లాడినావని నా చెవిన పడిందో, పుస్తకాలు పొయ్యిలోకి, నువ్వు ఆలూరికి!"

నేను చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. నాకు చదువంటే పిచ్చి. నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్కతో పాఠం చెప్పాలని పావడాలు కట్టే రోజుల నుంచి కోరిక. గోడలకూ, గడపలకూ, మా ఇంటి బర్రెకూ కూడా పాఠాలు చెప్పినదాన్ని. ఆ కోరికంతా ఇప్పుడు ఈ ఒక్క ఒట్టు మీద వేలాడుతోంది. మీరు కూడా ఇది కాస్త యాదిలో పెట్టుకోండి.

హాస్టలంటే ఒక పాత మిద్దె ఇల్లు. వార్డెను సుగుణమ్మగారు, బడిపంతులమ్మగా ముప్పయ్యేళ్ళు పిల్లల్ని హడలెత్తించి, ఇప్పుడు మమ్మల్ని హడలెత్తిస్తున్న మనిషి. గేటు దగ్గర మస్తాన్ తాత. ఎవరెవరో వచ్చి "అన్ననమ్మా, చిన్నాన్ననమ్మా" అని చెప్పి లోపలికి రాబోతున్నారని సుగుణమ్మగారికి బెంగ. నన్ను పిలిచి, "నువ్వు మిలటరీ ఆయన భార్యవి, నీకు ధైర్యముంటుంది. ఆదివారాలు గేటు దగ్గరికి వచ్చేవాళ్ళను నువ్వు పరీక్షించి పంపు" అన్నారు. తన గొడుగు కూడా నా చేతికిచ్చారు. అంతే, నేను భూమికి జానెడు పైన నడవడం మొదలుపెట్టాను. తోటి పిల్లలు నన్ను "మిలటరీ అక్కా" అనేవాళ్ళు. ఆ గొడుగు పట్టుకుని ఎంతమంది అసలైన అన్నలను ఏడిపించానో లెక్కలేదు.

దీనికి తోడు ఆ వారమే మా సైకాలజీ మాస్టారు పరిశీలన గురించి పాఠం చెప్పారు. మనిషిని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి అతని సంగతంతా పట్టేయవచ్చట. అడిగిన ప్రశ్నలకు అందరికంటే ముందు నేనే జవాబులు చెప్పాను. కోతికి కొబ్బరికాయ దొరికిందంటారు, నాకు సైకాలజీ దొరికింది.

శ్రావణమాసం ఆదివారం. అన్నాలు తిని అందరూ కునుకు తీస్తున్నారు. మస్తాన్ తాత వచ్చి, "బేటీ, ఎవరో మనిషి వచ్చినాడు. నీకోసమేనంట" అన్నాడు.

గొడుగు తీసుకుని వెళ్ళాను. గేటు అవతల నున్నటి గుండు, గుండు మీద గంధం. మీసం లేదు. నలిగిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో చిన్న మూట. పంచె కింద, మీరు నమ్మండి నమ్మకపొండి, నల్లటి మిలటరీ బూట్లు. నన్ను చూడగానే ముఖమంతా నవ్వయిపోయాడు.

"ఎట్లుండావు?" అన్నాడు.

పరాయి మగాడు! నవ్వాడు! ఎట్లుండావన్నాడు! ఆలూరి పొయ్యిలో నా పుస్తకాలు కాలుతున్న వాసన అప్పుడే వచ్చేసింది నాకు.

"ఎవరప్పా నువ్వు?"

అతని నవ్వు సగం తగ్గింది. "ఎవరా? ఏమే, నేనేనే!"

"ఏమే గీమే అంటే మూతి పగుల్తాది! ఏం, ఎగతాళి చేస్తాండావా?"

"అది గాదు. నేను చెప్పేది కొంచెం..."

"నువ్వేం చెప్పనక్కర్లే. నిన్ను చూస్తేనే నాకంతా తెలుస్తాండాది" అని, పాఠంలో చెప్పినట్టు పైనుంచి కిందికి చూశాను. "ముఖం నల్లగుండాది, తల తెల్లగుండాది. అంటే గుండు ఈ మధ్యనే కొట్టించినావు. పైపెదవి గూడా తెల్లగుండాది. అంటే నిన్నామొన్నటి దాకా మీసముండె. అవునా, కాదా?"

"అవును" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఆ బూట్లు మిలటరీవి. అవునా, కాదా?"

"అవునవును!" అని మళ్ళీ నవ్వాడు. "శానా తెలివైనదానివే. కనుక్కున్యావు గదా మరి?"

"కనుక్కోకేం! మిలటరీ బూట్లు దొంగిలించినావు. పోలీసోళ్ళు ఆనవాలు పట్టకుండా గుండు, మీసం గీకించుకున్యావు!"

చూశారా, ఒక్క మెట్టు ఎక్కితే చాలు మా ఆయన నాకు దొరికేవాడు. ఆ మెట్టు మీద కాలు జారి బావిలో పడ్డాను. అయినా తప్పంతా నాదే అనకండి. ఆ బూట్లు విప్పి పాదాలు చూపించి ఉంటే అక్కడికక్కడే మొక్కి ఉండేదాన్ని.

అతను మూట ముందుకు చాపాడు. "పోనీ, ఇది తీసుకో. ఈరన్న స్వామి ప్రసాదం."

"దేవుని పేరు చెప్పి మత్తుమందు పెడతావా? మా ఇంటాయన ఎవరనుకున్యావు? మిలటరీ! ఆయనొచ్చినాడంటే నీ బొమికలు ఏరుకోవాల్సొస్తాది!"

ఆ మాటతో అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది. గేటు కమ్మీ మీద మోచెయ్యి ఆనించి, బస్సు రావడానికి ఇంకా గంట ఉన్నవాడిలా తీరిగ్గా నిలబడ్డాడు.

"అట్లనా తల్లీ? అంత మొనగాడా మీ ఇంటాయన?"

"ఆరడుగుల మనిషి!" ఫోటోలో ఎత్తు ఎట్లా తెలిసిందని మీరు నన్నడగకూడదు.

"మీసముండాదా?"

"తేలుకొండి మాదిరి!"

"కోపిష్టేమో పాపం."

"శత్రువుల మీద. నన్ను మాత్రం ఒక్క మాటనడు. చదువుకోమని పంపిందే ఆయన. అట్లాంటి మొగుడు వెయ్యిమందిలో ఒగడుంటాడు. ఆయన సల్లంగా ఇంటికి రావాలని శనివారం శనివారం ఒక్కపొద్దుంటాండా, తెలుసునా నీకు?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చెమట తుడుచుకునే దానికంటే కొంచెం ఎక్కువసేపే. ఆ రోజుల్లో మొగుడు మంచివాడన్న మాట ఊరందరితో చెప్పుకునేవాళ్ళం, మొగుడితో తప్ప.

"నువ్వు ఇంత అనుకుంటాండావని ఆయనకు తెలుసునా?" అన్నాడు నెమ్మదిగా.

"అది నీకెందుకు? నడువు ఈడ్నించి!"

నా కేకలకు సుగుణమ్మగారు లేచి వచ్చారు. వెనక పిల్లలందరూ వచ్చారు.

"ఎవరమ్మా ఇతను? నీకు తెలిసినవాడా?"

"నేను పుట్టి బుద్ధెరిగినాక ఈ మనిషి మొహం చూళ్ళేదు మేడం!" ఇది మాత్రం అక్షరాలా నిజం.

"వెళతావా, పోలీసుల్ని పిలవమంటావా?" అన్నారు సుగుణమ్మగారు. మస్తాన్ తాత కర్ర ఎత్తాడు.

"పోతాలేండమ్మా" అన్నాడు అతను. "ఈమె ఇంటాయన వస్తాడంట గదా, ఆయనతో కలిసే వస్తా." మడమలు టక్కున కలిపి, నిటారుగా నిలబడి, నాకొక సెల్యూటు కొట్టాడు. అంత చక్కటి సెల్యూటు నేను జన్మలో చూడలేదు.

"చూసినారా మేడం? సెల్యూటు గూడా దొంగిలించినాడు!" అన్నాను.

ఆ సాయంత్రం నా వైభవం చెప్పనలవి కాదు. సుగుణమ్మగారు తన నేతిగిన్నెలోంచి నాకు స్వయంగా వడ్డించారు. పిల్లలు కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. చెప్పిన కొద్దీ గుండాయన పెరుగుతూ పోయాడు. పడుకునే వేళకు అతని మూటలో రెండు బాకులు కూడా ఉన్నాయి.

మంగళవారం కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. మస్తాన్ తాత పరుగెత్తుకొచ్చాడు. "బేటీ! ఆ గుండాయన మళ్ళా వచ్చినాడు. ఈసారి ఎవరో పెద్దామెను గూడా తోడు తెచ్చుకున్నాడు!"

"ముఠా!" అని అరిచి, గొడుగు ఎత్తి పట్టుకుని ఒక్క ఉరుకున గేటు తీశాను.

ఎదురుగా మా అత్త.

"ఎవర్నే కొడతాండావు?" అంది.

గొడుగు గాల్లోనే ఉండిపోయింది. దించితే ఆమె నెత్తిన పడుతుంది. ఏం చెయ్యాలో తోచక, టప్పున విప్పి ఆమెకు నీడ పట్టాను.

"అత్తా... ఈ మనిషి..."

"ఈ మనిషి నా కొడుకు."

అప్పుడు కిందికి చూశాను. ఈరోజు ఆయన చెప్పులు వేసుకున్నారు. బొటనవేలి కంటే పొడవైన పక్కవేలు, మడమ మీద చిన్న మచ్చ. అవే! నా పాదాలు! పైన ఉన్న గుండు మాత్రం నన్ను చూసి పళ్ళికిలిస్తోంది.

మస్తాన్ తాత పగలబడి నవ్వాడు. మొగుణ్ణి తరిమినందుకు కాదు, కాపలా తాత నవ్వినందుకు ఏడుపొచ్చింది నాకు.

"బిడ్డ సరిహద్దునించి సల్లంగా తిరిగొస్తే తలనీలాలిస్తానని ఉరుకుంద ఈరన్నకు మొక్కినా" అంది అత్త. "వీడు కోసిగిలో రైలు దిగినాడు, ఉరుకుందలో గుండు కొట్టించుకున్యాడు. కన్నతల్లి మొహమన్నా చూడకుండా, పెండ్లాన్ని తోడుకోని పోదామని నీ కాడికొచ్చినాడు. నువ్వేమో దొంగంటివంట. బొమికలిరగ్గొడతానంటివంట."

"నేను గాదు అత్తా, మా ఇంటాయన ఇరగ్గొడతాడన్యా..."

"నోరు మూసుకోని పెట్టె సర్దుకో పో."

అయిపోయింది. నల్లబల్ల పోయింది, సుద్దముక్క పోయింది. మళ్ళీ ఆలూరు, మళ్ళీ శెనక్కాయలు. ఏడుస్తూ చీరలు కుక్కాను, వాటి మీద పుస్తకాలు పేర్చాను. గేటు దగ్గర పెట్టె దించగానే అత్త మూత తీసింది. పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. ఇక్కడే పొయ్యి వెలిగిస్తుందేమోనని భయపడ్డాను. అన్నీ తీసి సుగుణమ్మగారి చేతుల్లో పెట్టింది.

"ఇవి భద్రంగా పెట్టండమ్మా. వీని సెలవైపోయినాక మళ్ళా వస్తాది."

నేను చెవులను నమ్మలేదు. "అత్తా... పొయ్యిలోకి అంటివి గదా..."

"ఎందుకే పొయ్యి? తాళి కట్టినోన్నే గేటు కాడ నిలబెట్టి తరిమినదానివి, ఇంగ ఎవనికి తీస్తావు గేటు? నాకింగ ఏ భయమూ లే. నీకు ఎంత చదువు కావాల్నో అంత చదువుకో పో!"

అట్లా నా చదువు దక్కింది. తెలివితో దక్కలేదు, నా తెలివితక్కువతనంతో దక్కింది. సంతోషం పట్టలేక అక్కడే అత్త కాళ్ళ మీద పడ్డాను.

బస్సులో అత్త కునుకు తీస్తుంటే మా ఆయన పక్కకు వంగి, "ఏమే, ఆ తేలుకొండి మీసాలాయన సంగతి ఇంగోసారి చెప్పవా?" అన్నారు.

"ఛీ, పోండి."

"మాట్లాడితే సిగ్గయితే బస్సు ఆపించి కిందికి దిగుతా. నువ్వు కిటికీలోంచి నన్ను తిడుతూ చెప్పు."

ఆలూరు చేరగానే దేవుడి పటాల ముందు దీపం వెలిగించి, ఈరన్న స్వామి సాక్షిగా, సైకాలజీ సాక్షిగా, ఇకపై జన్మలో ఏ గుండు మనిషినీ చూడగానే తరమనని గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. నేటి వరకూ తప్పలేదు. మా ఇంటి గేటు ముందు ఏ గుండాయన వచ్చి నిలబడినా, నీడన కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, "మీ అమ్మ పేరేమప్పా?" అని మర్యాదగా అడుగుతాను. మా అత్త పేరు కాదని తేలాకే తరుముతాను.