హైవే తగలకుండా నాయుడుపేటకు: మా సైకిల్ ప్రయాణంలో మొదటి రోజు

కావలిలో పొద్దున రైలెక్కితే నాయుడుపేటలో మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు. మేము దానికి నాలుగు రోజులు పెట్టుకున్నాం. సైకిళ్ల మీద, సముద్రం పక్క పల్లెల గుండా, ఒక్క అడుగు కూడా హైవే మీద పెట్టకుండా. ఇంత చుట్టుదారి ఎందుకని ఇంట్లో అడగని వాళ్లు లేరు. కారణం మా ఎస్తేరు అక్క. మూడేళ్ల కిందట కావలి బయట హైవే మీద అక్క సైకిల్ తొక్కుకుంటూ పోతుంటే ఒక లారీ రాసుకుంటూ వెళ్లిపోయింది. వెనకాలే స్కూటర్ మీద నేనున్నాను. అక్కకు భుజం దగ్గర ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది, సైకిల్ పాత సామాన్ల బండికి పోయింది. ఆ తర్వాత అక్క మళ్లీ సైకిల్ ముట్టలేదు. బడికీ, చర్చికీ, తన కుట్టు మిషను షాపుకీ అన్నిటికీ సైకిలే అయిన మనిషి, చేతిసంచి పట్టుకొని షేర్ ఆటో కోసం నిలబడుతుంటే నా మనసు చివుక్కుమనేది. ఈ ఏడాది ఉన్నట్టుండి తనే, "సైకిళ్ల మీద ఎక్కడికైనా పోదామా రూతూ" అంది. అడిగిందే చాలని ఎగిరి గంతేశాను. ఈ ప్రయాణం గనక చెడితే ఇక జన్మలో సైకిలెక్కదన్న భయం కూడా ఆ క్షణమే పట్టుకుంది.

దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. బట్టలు, చిన్న గుడారం, నీళ్లు, పంక్చరు సామాను అన్నీ సైకిలుకే కట్టుకొని పోవాలి, వెనకాల బండి రాదు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను, ఏదైనా వరసలో పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. నెల రోజులు మ్యాపు ముందేసుకొని కూర్చున్నాను. రెండు పాత గేరు సైకిళ్లు కొన్నాం, బాగు చేయించడంతో కలిపి రెండూ పద్దెనిమిది వేలయ్యాయి. దారి మొత్తంలో ఇబ్బంది ఒక్కచోటే. బోగోలు మండలంలో తీరం పట్టుకొని దక్షిణంగా పోతే ఒక ఉప్పునీటి ఏరు అడ్డం వస్తుంది. లోపలి రోడ్డు మీద కాలువ వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు. కాబట్టి ఆ ఏరు పడవ మీద దాటాలి, లేదంటే వెనక్కి బోగోలు వచ్చి హైవే ఎక్కాలి. ఏటి గట్టున ఉన్న పల్లెలో పోలయ్య అనే పడవాయన నంబరు సంపాదించి వారం ముందే మాట్లాడాను. "రండమ్మా, సైకిళ్లతో సహా దాటించేస్తా, మనిషికి యాభై" అన్నాడు. హైవే జోలికి పోవడం లేదని చెబితే అక్క "నీ ఇష్టం మే" అంది, అంతే. దాన్ని భయం కిందే జమకట్టాను.

పొద్దున అయిదున్నరకు బయల్దేరాలని రాసుకున్నాను. అక్క ప్రార్థన ఆరు దాకా సాగింది. దారిలో కుక్కల దగ్గర నుంచి నాయుడుపేటలో మా పిన్ని మోకాళ్ల దాకా అన్నీ అందులో వచ్చాయి. మధ్యలో ఒక కన్ను తెరిచి గడియారం చూసినందుకు ఆమెన్ అవగానే మొట్టికాయ పడింది. లోపలి రోడ్ల మీద బోగోలు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. అక్క మొదటి రెండు కిలోమీటర్లు హ్యాండిల్ బిగబట్టుకుని తొక్కింది, తర్వాత మాటల్లో పడి నన్ను దాటేసి వెళ్లింది. బోగోలులో రెండేసి కారం దోసెలు తిన్నాం, టీలతో కలిపి నూట ముప్పై. టిఫిన్ చోటు మంచిది, నెయ్యి అడక్కుండానే వేస్తారు. సీసాల్లో నీళ్లు నింపుకోవాల్సింది కూడా ఇక్కడే, ఆ తర్వాత అంతా ఉప్పు నీళ్లే.

బోగోలు దాటి తూర్పుకు తిరిగాక అయోమయం మొదలైంది. కనుచూపు మేరంతా రొయ్యల గుంటలు, వాటి మధ్య మట్టి కట్టలు, నీళ్లు చిలికే చక్రాల మోత. ఫోనులో చూస్తే మేము నీళ్ల మధ్యలో నిలబడి ఉన్నాం. కట్టలన్నీ ఒకేలా ఉన్నాయి, దేనికీ పేరు లేదు. రొయ్యల మేత దింపుతున్న వ్యానతన్ని దారి అడిగాను.

"కరెంటు స్తంభాలు పట్టుకొని పోండి మేడం. స్తంభాలు ఎడంపక్కకి తిరుగుతాయి, మీరు తిరగబాకండి. తర్వాత ఒక పాకుంటాది, ఆడ తిరగండి."

"పాక దగ్గర ఎటు?"

"ఆడికి పోతే మీకే తెలుస్తాది."

మాకు తెలియలేదు. అక్కడ ఒకటి కాదు, మూడు పాకలున్నాయి. మొదటి పాక దగ్గర నేను కుడి అన్నాను, అక్క ఎడమ అంది. నేను పటం గీసుకున్నదాన్ని కాబట్టి కుడికే పోయాం. ఎండ ముదిరే వేళకు, అదే వ్యాను, అదే మనిషి ఇంకో గుంట దగ్గర మేత దింపుతూ కనపడ్డాడు. మమ్మల్ని చూసి బస్తా దించడం ఆపి, "అప్పుడే పోయొచ్చినారా మేడం" అన్నాడు. అక్క సైకిల్ మీద నుంచి పడిపోయేంతగా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈసారి అక్క ముందు నడిచింది, పదకొండింటికి పల్లె చేరాం.

ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది. ఏరు పెద్ద వెడల్పేమీ కాదు, అవతలి గట్టు మీద బట్టలారేసిన తాడు కూడా కనపడుతోంది. ఇవతల ఫైబరు పడవలన్నీ ఇసకలోకి లాగి ఉన్నాయి. పట్టపగలు మగవాళ్లంతా ఒడ్డునే కూర్చొని వలలు బాగుచేసుకుంటున్నారు. పడవ కావాలని అడిగితే మొదటాయన "లేదమ్మా" అన్నాడు. రేపు అంటే "చెప్పలేం" అన్నాడు. ఎందుకు లేదంటే పక్కాయన వైపు చూశాడు. పక్కాయన వల వైపు చూశాడు. పోలయ్య ఎవరని అడిగితే, అంతసేపూ నా ఎదురుగా తలొంచుకొని కూర్చున్న మనిషే తల ఎత్తాడు.

"నేనేనమ్మా. రమ్మని చెప్పినమాట నిజమే. అది పోయిన వారం."

"మరి రావద్దని ఫోన్ చేయొచ్చు కదా అన్నా?"

"ఊరిమాట ఫోన్లో ఏం చెప్పేది."

ఒక్క ముక్క అర్థం కాలేదు. పడవ ఉంది, మనిషి ఉన్నాడు, నీళ్లు ఉన్నాయి, అవతలి గట్టు కేకేస్తే వినపడేంత దూరంలో ఉంది. బేరం కోసం బిగుసుకుంటున్నాడనుకొని, మనిషికి రెండొందలు ఇస్తానన్నాను. పోలయ్య లేచి, చేతిలో వల అక్కడే పడేసి, ఇంటివైపు వెళ్లిపోయాడు.

అక్క నా మోచెయ్యి పట్టుకొని పక్కనున్న టీ బంకులోకి లాక్కుపోయింది. బంకు తిరుపాలమ్మ గారిది, యాభై ఏళ్ల మనిషి, మాట గట్టిది. మమ్మల్ని కూర్చోబెట్టి, "ముందు కూడు తినండి" అని అన్నం, చేపల పులుసు పెట్టింది. పులుసులో మామిడికాయ ముక్కలు అడుగున దాక్కొని ఉన్నాయి. అవి నాకు వేసి, చేప తల అక్కకు వేసింది. అప్పుడు చెప్పింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వల ఎవరు కట్టాలన్న దాని మీద ఈ ఊరికీ అవతలి గట్టు ఊరికీ మాటామాటా వచ్చిందట. రెండు ఊళ్ల పెద్దలు కూర్చొని తేల్చేదాకా ఎవరి పడవా నీళ్లలోకి దిగకూడదని నిన్న సాయంత్రం దురాయి వేశారట. దురాయి అంటే ఊరి పెద్దల కట్టడి. ఒకసారి వేశాక దానికి మినహాయింపు ఉండదు.

"మా ఆడబిడ్డ కూతురికి అవతలి గట్టున నొప్పులు మొదలైనాయి. నేను బోగోలు మీదుగా బస్సులో చుట్టు తిరిగి రాత్రికి పోవాల. నాకే పడవ లేదు, నువ్వు దుడ్లిస్తానంటావే" అంది తిరుపాలమ్మ. కోపంగా అనలేదు, ఇంకొంచెం పులుసు పోస్తూ అంది. భోజనానికి మనిషికి తొంభై తీసుకుంది, చేప తలకు వేరే తీసుకోలేదు.

ఇక మిగిలింది హైవే. ఆ ఊరికి ఐసు తెచ్చి, వేట లేదని తెలిసి ఐసుతోనే వెనక్కి పోతున్న ట్రాలీ ఆటో మస్తాన్ దొరికాడు. ఐసు దింపుకొని మూడింటికి బోగోలు దగ్గర హైవే మలుపులో ఉంటానన్నాడు. అక్కడ సైకిళ్లు రెండూ, మమ్మల్నీ ఎక్కించుకొని అల్లూరు మలుపు దాకా, అంటే పది పన్నెండు కిలోమీటర్లు, దింపడానికి అయిదొందలకు కుదిరింది. వచ్చిన కట్టల మీదే వెనక్కి తొక్కాం. దారంతా అక్కకు ధైర్యం చెబుతూనే ఉన్నాను. ఆటోలో వెనక కూర్చుందాం, కళ్లు మూసుకో, పావుగంటలో అయిపోతుంది అని. అక్క కట్ట మీద గతుకులు చూసుకుంటూ తొక్కింది. మూడేళ్ల తర్వాత ఎక్కిన సైకిల్ ఇవాళ్టితో సరి అనుకున్నాను.

మలుపులో మస్తాన్ ఆటో ఆపుకొని ఉన్నాడు. నా సైకిల్ ఎక్కించి, అక్క సైకిల్ పట్టుకోబోతే అక్క ఇవ్వలేదు.

"నేను తొక్కుకుంటా వస్తా. పక్కన ఇంత మార్జిన్ ఉంది గదా."

"అక్కా, పంతాలకు పోయే టైమా ఇది? నీకు భయమని తెలిసే కదా నెల రోజులు మ్యాపు వేసింది."

"నాకెక్కడి భయం మే? నేను పడింది కూడా నాకు గుర్తు లేదు. చర్చి దగ్గర బయల్దేరింది గుర్తుంది, ఆసుపత్రిలో కళ్లు తెరిచింది గుర్తుంది. మధ్యలోది నాకేం తెలుసు. చూసింది నువ్వు."

"మరి ఇన్నేళ్లు సైకిల్ ఎందుకు ఎక్కలేదు?"

"ఎక్కుతానంటే నీ మొహం పాలిపోయేది. ఎందుకులే అనుకున్నా."

సరిగ్గా అప్పుడు ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అక్క ముందుకు వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. నేను రెండు చేతులతో ఆటో కమ్మీ పట్టుకొని ఉన్నాను. వేళ్లు వదలమంటే వదల్లేదు. మస్తాన్ నావైపు, అక్కవైపు మార్చి మార్చి చూశాడు. ఎవరి కోసం ఆటో మాట్లాడారో అతనికి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

చివరికి అక్క ముందు తెల్ల గీతకు ఇవతల తొక్కుకుంటూ పోయింది. వెనక ఆటో ఇండికేటర్లన్నీ వేసుకొని నెమ్మదిగా నడిచింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కొని నేను, వెనక నా సైకిలు. "ముందుకు చూడబాకండి మేడం, నేను చూస్తాండాను గదా" అని మస్తాన్ అంటూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను. ఎదురుగాలికి అక్క చున్నీ ఎగురుతోంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, బండ్ల కోసం కాదు, నా కోసం. ఎక్కడో మధ్యలో ఏడుపొచ్చింది. అది భయమో, కోపమో, సంతోషమో ఇప్పటికీ చెప్పలేను. అల్లూరు మలుపులో దిగేసరికి అక్క చెరుకు రసం తాగుతూ నాకూ ఒకటి చెప్పి ఉంచింది. సాయంత్రం అల్లూరులో తెలిసిన పాస్టరు గారి చర్చి హాల్లో పడుకున్నాం.

ప్రయాణం చెడిందా, కుదిరిందా అని ఫోన్ చేసిన వాళ్లందరూ అడిగారు. అక్క సైకిలెక్కింది, హైవే మీద కూడా తొక్కింది, నేను కోరుకున్నదానికంటే ఎక్కువే జరిగింది. అయినా ఆ రోజంతా తలచుకుంటే సంతోషం వచ్చినట్టే వచ్చి జారిపోతుంది. మూడేళ్లు ఆవిడ ఆటోల కోసం నిలబడింది నా కోసమైతే, మూడేళ్లు నేను జాలిపడింది ఎవరి మీద? అడిగితే అక్క నవ్వేసి టైర్లలో గాలి చూసుకుంటోంది. నాకింకా తెగడం లేదు.

ఈ దారిలో వచ్చేవాళ్లకు ఒక సలహా. ఏటి గట్టు పల్లెకు పోయే ముందురోజు సాయంత్రం పడవాయనకు కాదు, అక్కడి టీ బంకుకు ఫోన్ చేసి దురాయి ఏమైనా ఉందా అని అడగండి. ఉందంటే డబ్బు మాట ఎత్తకుండా బోగోలులోనే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. అందులో ఎవరు ఎక్కాలో మాత్రం మీలో మీరు ముందే అడిగి తేల్చుకోండి. నన్ను ఎవరైనా ముందే అడిగి ఉంటే, ఒట్టేసి మరీ అక్కే అని చెప్పి ఉండేదాన్ని.