తలెత్తి ఆడమన్న మాస్టారు

చిన్నప్పుడు మనం దేవుడిలా చూసిన డచ్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి, నాలుగు మ్యాచ్‌లు ఓడారని కోచ్ పదవి నుంచి పీకేశారట. పొద్దున ఫోన్లో చూసి ఒళ్లు మండింది. ఆయనేనర్రా, మస్కట్ నుంచి మా బాబాయి పంపిన సబ్బులకు చుట్టిన పేపర్లో నారింజరంగు చొక్కాతో ఉండేవారు. సబ్బు వాసనేసే ఆ బొమ్మని మన డ్రిల్లు మాస్టారు అన్నం మెతుకులతో బడి గోడకి అంటించి, "తలెత్తి ఆడండర్రా, పక్కవాడికి బంతివ్వండి" అనేవారు, గుర్తుందా?

రాజోలు పోటీల్లో మనం ఒకరికొకరం బంతివ్వకపోబట్టే ఓడిపోయాం. "ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం వస్తుందాండీ?" అని మన బడి నడిపే కరస్పాండెంటు గారు మన ముందే మాస్టార్ని ఉద్యోగంలోంచి తీసేశారు. "ఆయ్, అలాగేనండి" అని మాస్టారు మెడలో విజిల్ తీసి బల్లమీద పెట్టేశారు.

ఇవాళ జనం డచ్చాయన్ని అంటున్నదీ అదే మాట. వాళ్లనేమని అనగలను? తప్పు మాదేనండి అని చెప్పాల్సిన పదకొండుమందిమీ ఆరోజు తలదించుకునే నిలబడ్డాం.