బావ కూర్చున్న వరస

మా బావ పోయాడు. చీపురుపల్లిలో బెల్లం కొట్టు ఆయనంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మా అప్పను, అంటే అక్కను, చేసుకున్నాడు కాబట్టి నాకు బావ. తెల్లవారుతుండగా అప్ప ఫోన్ చేసి, "మీ బావ ఎల్లిపోనాడురా" అంది. 

పరామర్శకు వచ్చినవాళ్ళు, పాపం, ఆఖరికి నోటికి రుచి లేకుండా పోయాడని అంటున్నారు. అది అబద్ధం. అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బావ తిండి మనిషి. తినడమే కాదు, పక్కవాడి ఆకులో ఏం తక్కువైందో కూడా చూసి, కొసరి కొసరి వేయించేవాడు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక బతికాడు గానీ ముద్ద దిగడం కష్టమైంది. చిన్న ముద్ద, చాలాసేపు నమలడం, ఒక గుక్క నీళ్ళు, మళ్ళీ ముద్ద. మా వైపు పంక్తిలో ఒకరు తింటుంటే మిగతావాళ్ళు ఆకు మడవరు, లేవరు. ఒక పెళ్ళిలో బావ కోసం వరసంతా ఎంగిలి చేతులతో కాచుకుంది. తరవాతి పంక్తివాళ్ళు వెనక నిలబడి గొణిగారు. బావ సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఆనాటి నుంచి ఎవరింటికి వెళ్ళినా వంటగది గుమ్మం దగ్గర గ్లాసుడు జావ తాగి వచ్చేసేవాడు. ఆయన అలా నిలబడి తాగుతుంటే నేను అటు చూసేవాణ్ణి కాదు.

బావకు డెబ్భై నిండుతున్నాయని మనవరాలు పట్టుబట్టింది. ఆ పిల్లకు విశాఖపట్నంలో ఉద్యోగం. పుట్టినరోజు భోజనం అక్కడేనని ఫోన్‌లో హోటళ్ళ ఫోటోలు వరసగా పంపింది. అద్దాలు, దీపాలు, వెనకాల సముద్రం. అప్ప జడిసింది. బావ అన్నీ చూసి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"వస్తాను. గాని హోటలు నేనే ఏరతాను. అందరితో వరసలో కూకొని పెరుగన్నం దాకా తింతాను. అది అవ్వకపోతే, ఇంక నన్నెవులూ భోజనానికి పిలవొద్దు."

అందరం రైలెక్కాం. మొదట బీచ్ రోడ్డులో పెద్ద హోటల్. బావ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి తినేవాళ్ళను చూశాడు. ఎవరో ముసలాయన ఇంకా పెరుగు కలుపుకుంటున్నాడు, బిల్లు తెచ్చి పక్కన పెట్టారు. బావ వెనక్కి తిరిగాడు. "వడ్డించినోడి సూపు మన ఆకు మీదుందా, గుమ్మం మీదుందా, అదొక్కటే సూడాలిరా" అన్నాడు. రెండోది మేడ మీద. ఎవరికి కావలసింది వాళ్ళు లేచి తెచ్చుకోవాలట. లేచి తిరుగుతూ తింటే అది వరసెలా అవుతుందని అక్కడా ఆగలేదు. మనవరాలి మొహం చిన్నబోయింది. ఎండలో నాకూ ఒళ్ళు మండింది.

"నీ పెళ్ళి సంబంధానికైనా ఇన్ని గుమ్మాలు ఎక్కలేదు బావా" అన్నాను.

"అందుకే మీ అప్ప దొరికింది" అన్నాడు. అప్ప నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడోది సందులో ఒక మెస్సు. పొడుగు బల్లలు, అరిటాకులు. నడిపే ఆవిడను బావ ముందే అడిగాడు, తనకు తినడానికి చాలా సేపు పడుతుంది, పరవాలేదా అని. "అన్నానికొచ్చి పర్మిషనేటి బాబూ, కూకోండి" అందావిడ.

మా వరసలోనే రామతీర్థం నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన భార్యాభర్తలు కూర్చున్నారు. వాళ్ళు తినేశారు, మేమూ తినేశాం. బావ ఇంకా పప్పన్నం దగ్గరే ఉన్నాడు. రామతీర్థం ఆయన లేవబోతే భార్య చొక్కా పట్టి లాగింది. "పెద్దాయన తింతన్నాడు. కూకో."

ఆ మాట బావ విన్నాడు. చెయ్యి ఆగింది.  మళ్ళీ ఆ పెళ్ళిలోలాగే అవుతుందనుకున్నాను. అప్ప తల దించుకుంది.

బావ తల ఎత్తి మెస్సు ఆవిడను పిలిచాడు. "అమ్మా, ఇంకొంచెం అన్నం ఎయ్యి. మిరియాల సారు కూడా తే." తరవాత నా వైపు చూశాడు. "ఏరా, సెయ్యి ఎండిపోనాదేటి? ఎండనీ."

ఎండనిచ్చాను. జన్మలో అంత సంతోషంగా ఎంగిలి చేత్తో ఎప్పుడూ కూర్చోలేదు. అప్పటి నుంచి పోయేదాకా పిలిచిన ప్రతి పంక్తిలోనూ కూర్చున్నాడు మా బావ. ఎవరు గొణిగినా లెక్కచెయ్యలేదు. రుచి లేకుండా పోయాడట!

ఆ రోజు పెరుగన్నం ఆఖరి ముద్ద దిగాక, ఆకంతా వేలితో తుడిచి నాకాడు. నీళ్ళు తాగి, తీరుబడిగా ఆకును తన వైపుకు మడిచాడు. అది చూసి రామతీర్థం ఆవిడ మడిచింది, ఆమె భర్త మడిచాడు, అప్ప, మనవరాలు, నేను. బల్ల పొడుగునా ఆకులు ఒకదాని వెనక ఒకటి మడత పడ్డాయి.