ఆర్గాన్ తర్వాత పొటాషియం

నేను ఫిజికల్ సైన్స్ చెప్పే ఉద్దానం హైస్కూలు సముద్రానికి దగ్గర. ఆ ఉప్పుగాలికి కాగితం నిలవదు. ఆవర్తన పట్టిక చార్టు ఎప్పుడు తగిలించినా వానాకాలం దాటేసరికి ఉబ్బి, అంచులు చిరిగి వేలాడేది. మూడో చార్టు కూడా పోయాక హెడ్మాస్టరు గారిని ఒప్పించి, పట్టికను పదో తరగతి గోడ మీదే రాయించాలనుకున్నాను.

రాయడానికి వచ్చినాయన పలాసలో షాపుల బోర్డులు రాసే పెయింటరు. నలభై ఏళ్ళుంటాయేమో. ఎడమ చేతి మీద నరం తాడులా పైకి తేలి ఉంది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా వైపు ఆ చెయ్యి చూస్తే ఎవరూ వివరం అడగరు. ఆయనే చెప్పాడు.

“వారానికి మూడ్రోజులు డయాలసిస్‌కి పోవాల మేడం. మిగతా రోజుల్లో వత్తాను. నెమ్మదిగా అవుతాది. పర్లేదా?”

పర్లేదన్నాను.

దారానికి చాక్‌పొడి పట్టించి గోడ మీద గీతలు కొట్టడానికే రెండు రోజులు పట్టింది. తర్వాత పుస్తకం ఎదురుగా పెట్టుకుని హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టాడు. ప్రతి గడిలో గుర్తు, పైన సంఖ్య, కింద భారం. పెయింటు వాసనకి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని.

ఒకరోజు లోపల్నుంచి పిలిచాడు.

“మేడం, ఓపాలి ఇలా రండి. పుస్తకంలో అచ్చు తప్పున్నాది.”

వెళ్ళాను. ఆర్గాన్ రాయడం అయింది. కుంచె పట్టుకుని ఆగిపోయాడు.

“బరువులు పెరుగుతా వత్తన్నాయి కదా. ఇక్కడ సూడండి. పద్దెనిమిదో దానికి ముప్పై తొమ్మిది పాయింట్ తొంభై అయిదు. పంతొమ్మిదో దానికి ముప్పై తొమ్మిది పాయింట్ పది. తగ్గిపోనాదేటి?”

తప్పు కాదని నాకు తెలుసు. టెల్లూరియం, అయోడిన్ల దగ్గరా ఇలాగే ఉంటుందని, అది రెండు మార్కుల ప్రశ్న అని ఏటా పిల్లలతో బట్టీ పట్టించేదాన్ని. ఎందుకలా అని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఎల్లుండి చెప్తానన్నాను.

“కె అంటే పొటాషియమేనా?” అని అడిగాడు.

“అవును.”

“నా రిపోర్టులో ఉంటాది. దీని గురించే కొబ్బరినీళ్ళు తాగొద్దన్నారు. మా ఇంటి సుట్టూ కొబ్బరిసెట్లే. దీని నెత్తి మీదున్నదేటి?”

“సోడియం. ఉప్పులో ఉంటుంది.”

“అదీ వద్దన్నారు. అయితే రెండూ ఒకింటివే.”

నిలువు వరస అంటే అదేనన్నాను. తలూపి మళ్ళీ రాతలో పడ్డాడు.

ఆ సాయంత్రం టెక్కలిలో ఇంటికొచ్చాక నా డిగ్రీ పుస్తకాలు తీసి చదివాను. చెప్పిన రోజుకి ఆయన ముందు నిలబడి, విద్యార్థిలా అప్పజెప్పాను. వెనకటికి రష్యాలో ఒక శాస్త్రవేత్త మూలకాలను భారం ప్రకారం పేర్చాడు. టెల్లూరియం దగ్గర భారం ఒక దారి చూపిస్తే, గుణం ఇంకో దారి చూపించింది. ఆయన గుణాన్ని బట్టే గడి ఇచ్చాడు. భారం తూచడంలో పొరపాటు జరిగి ఉంటుందనుకున్నాడు. తూకంలో పొరపాటేం లేదు. అసలు వరస భారానిది కాదు, పరమాణు సంఖ్యది అని ఆయన పోయాక తేలింది. ఆర్గానయితే అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత దొరికి, పొటాషియానికి ముందు కూర్చుంది.

పెయింటరు కుంచె తుడుస్తూ విన్నాడు. “అంటే ఆయన సెప్పిన కారణం తప్పు. ఇచ్చిన సోటు తప్పు కాదు.”

నా పాఠంలో అంత తేలిగ్గా ఆ మాట ఎప్పుడూ రాలేదు.

అయిదో వరస పూర్తయ్యాక ఆయన రావడం మానేశాడు. ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చారట. ఒక వారం, రెండు, మూడు. సగం పట్టిక కిందే పాఠాలు చెప్పాను. వేరే మనిషిని చూడమని హెడ్మాస్టరు గారన్నారు. చూస్తానన్నాను గాని చూడలేదు. అది జాలో, బద్ధకమో ఇప్పటికీ చెప్పలేను.

నాలుగో వారం ఆయన భార్యతో వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నిలబడలేక కుర్చీలో కూర్చుని పుస్తకం పట్టుకున్నాడు. కుంచె ఆవిడ తీసుకుంది. ఇంటి దగ్గర బోర్డులకి రంగు నింపడం ఆవిడకు అలవాటేనట. ఆయన ఒక్కో అక్షరం చెప్తుంటే ఆవిడ రాసింది.

“మావా, ఈ గడిలో పట్టట్లేదు.”

“సిన్నగా రాయి. తొందరేటి?”

అడుగున విడిగా ఉన్న రెండు వరసలతో కలిపి మిగిలిందంతా ఆవిడే పూర్తిచేసింది. ఆవిడ అక్షరాలు కొంచెం కుడికి వాలి ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఆరో వరస నుంచి చెయ్యి మారిందని కనిపెడతారు.

ఇప్పుడు ఆ పాఠాన్ని ఆర్గాన్, పొటాషియంలతో మొదలుపెడతాను. పేర్లు చెప్పకుండా, భారం ఎక్కడ తగ్గిందో గోడ మీద వెతకమంటాను. దొరకడానికి కొంతమందికి పావుగంట పడుతుంది.

మొన్నామధ్య పలాస బస్టాండులో ఆ దంపతులు కనిపించారు. ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్తున్నారు. ఆయనే పలకరించాడు.

“మన పట్టికలో కొత్తవేటైనా కలిసినాయా మేడం?”

“లేదండీ. నూట పద్దెనిమిది దగ్గరే ఉంది.”

“కలిస్తే దీనికే ఫోన్ సెయ్యండి. నాకిప్పుడు సెయ్యి ఒణుకుతన్నాది” అని భార్యను చూపించాడు. ఆవిడ నవ్వి, తన నంబరు చెప్పింది. ఫోన్‌లో ఎక్కించుకున్నాను. ఇంతలో టెక్కలి బస్సు వచ్చింది.