ఒకే రోజు రెండూళ్ళలో ఆడిన జట్టు

ఆ రోజుల్లో నా దిగులుకి ఒక ఆఫీసు, ఒక కుర్చీ, నెలనెలా జీతం ఉండేవి. ఇప్పుడు అదే దిగులు ఇంట్లో కూర్చుని ఉచితంగా పడుతున్నాను. పాప పడుకుంది. (పడుకుందా, లేక మరీ కదలకుండా పడుకుందా అని అనుమానం వచ్చి ఇప్పుడే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి బాగానే ఆడుతోంది. నా వేలు చల్లగా తగిలి లేచి ఏడ్చింది. మళ్ళీ జోకొట్టి వచ్చి రాస్తున్నాను.) పిల్ల పుట్టాక నేను ఇలా తయారయ్యానని మావారి అభిప్రాయం. ఆయన నన్ను ఆలస్యంగా చూశారు. పెళ్ళికి ముందు, నాకు ఏ సంబంధమూ లేని పాతికమంది మగవాళ్ళ మోకాళ్ళ గురించీ భుజాల గురించీ రోజంతా బెంగపడి, ఆ బెంగని నాలుగు వాక్యాలుగా రాసి కంప్యూటర్లో ఎక్కించడమే నా ఉద్యోగమని చెబితే నమ్మరు.

ఎమ్మెస్ అయిపోయి ట్రాయ్‌లో ఉండేదాన్ని. డెట్రాయిట్ పక్కనే కాబట్టి ఊరంతా కార్ల కంపెనీల వాళ్ళే. ఆ శీతాకాలం ఆ కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఏ వారం చూసినా ఎవరో ఒకరు అట్టపెట్టెలు సర్దుకుంటూ, పోపుల డబ్బా నుంచి మంచం దాకా మాకు ఇచ్చేసి వెళ్ళిపోతుండేవారు. వాటిని తీసుకుంటుంటే ఏడుపొచ్చేది, వాడుకుంటుంటే ఇంకా ఏడుపొచ్చేది. అలాంటప్పుడు నాకు ఉద్యోగం ఇచ్చిన ఒకే ఒక్క చోటు, పళ్ళ డాక్టరు గారి క్లినిక్ మీద రెండు గదుల్లో నడిచే బేస్‌బాల్ వార్తల వెబ్‌సైటు. దాని యజమానిని మా ఇంట్లో గింజలాయన అనేవాళ్ళం. పొద్దుతిరుగుడు గింజలు బుగ్గలో పోసుకుని, ఉప్పు పీల్చేసి, పొట్టు కాగితం కప్పులో ఊస్తూ ఉండేవాడు. బేస్‌బాల్ ఆటగాళ్ళందరికీ ఉన్న అలవాటేనట. ఆటగాళ్ళు మైదానంలో ఊస్తారు, ఈయన మా మధ్యలో.

ఇంటర్వ్యూలో "బేస్‌బాల్ తెలుసా?" అని అడిగాడు.

"క్రికెట్ తెలుసండీ. దాదాపు ఒకటే."

ఆయన చాలాసేపు నమిలాడు. "డేటాబేస్ తెలుసా?"

"తెలుసు."

"అది కూడా క్రికెట్‌లాంటిదే అనకపోతే సోమవారం నుంచి వచ్చెయ్."

నేను చేరేసరికి స్ప్రింగ్ ట్రెయినింగ్ మొదలైంది. అసలు సీజన్ ఏప్రిల్‌లో. దానికి ముందు జట్లన్నీ ఎండ వెతుక్కుంటూ ఫ్లోరిడాకో అరిజోనాకో పోయి, మార్చి అంతా తమలో తాము ఆడుకుంటాయి. టిక్కెట్లు అమ్ముతారు, జనం వస్తారు, పత్రికలవాళ్ళు పేజీలకి పేజీలు రాస్తారు, కానీ ఆ మ్యాచ్‌లు ఏ లెక్కలోకీ రావు. గెలిచినా ఓడినా ఒకటే. ఈ ఒక్క ముక్కా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ దేశంలో పుట్టినవాళ్ళకి అది చెప్పాల్సిన విషయమే కాదు. మా రిపోర్టర్లు ఇద్దరు ఫ్లోరిడాలో కూర్చుని స్కోర్లూ కబుర్లూ పంపేవారు. కిటికీ బయట బూడిదరంగు మంచు చూస్తూ నేను వాటిని ఎక్కించి, కింద నాలుగు వాక్యాలు రాయాలి.

నేను నిజాయితీగా రాశాను. మా డెట్రాయిట్ జట్టు వరసగా ఓడుతుంటే 'పరిస్థితి విషమిస్తోంది' అని రాశాను. పెద్ద పిచర్ (అంటే బౌలర్ అనుకోండి) కాసేపు బంతులు వేసి వెళ్ళిపోతే 'మధ్యలోనే మైదానం వదిలి వెళ్ళిపోయాడు, కారణం ఎవరూ వెల్లడించడం లేదు' అని రాశాను. కారణం ఏమీ లేదు, ఆయన ఆ రోజు వేయాల్సినవి వేసేసి గోల్ఫ్ ఆడుకోవడానికి వెళ్ళాడు. పేరు విన్న ఆటగాళ్ళంతా సగంలోనే తప్పుకుని, ఎనభై దాటిన నంబర్ల చొక్కాలతో ఎవరెవరో పిల్లలు దిగుతుంటే, లోపల పెద్ద గొడవేదో జరుగుతోందని నాకు గట్టి నమ్మకం. 'జట్టులో ఐక్యత లేదు' అని కూడా రాశాను. పాఠకులు పగలబడి నవ్వుతూ ఉత్తరాలు రాసేవారట. గింజలాయన నా భుజం తట్టి, ఇంత గంభీరంగా మొహం పెట్టి జోకులు వేసేవాళ్ళు ఈ రోజుల్లో అరుదన్నాడు. ఏ జోకు గురించి అంటున్నాడో తెలియక థాంక్యూ అన్నాను.

నాకు కావలసింది మెప్పు కాదు, సంతకం. చదువు మీద ఇచ్చిన వర్క్ పర్మిట్ ఆ వేసవితో అయిపోతుంది. ఈలోగా కంపెనీ నాకు హెచ్-వన్ వీసా ఫైల్ చెయ్యాలి. ఏప్రిల్ మొదటి రోజుల్లో కాగితాలు చేరకపోతే మళ్ళీ ఏడాది దాకా దారి లేదు, చేరినా లాటరీ. ఎప్పుడు అడిగినా గింజలాయన "మార్చి చివరికి చూద్దాం" అనేవాడు. జట్టులో చోటు కోసం వచ్చిన ఆ ఎనభైల నంబర్ల పిల్లల గురించి కోచ్‌లు అనే మాట కూడా అదే. రోజూ టైప్ చేసేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. ఆ మాట తర్వాత ఎక్కువమంది పేర్లు మళ్ళీ కనిపించేవి కావు.

"సంతకం పెట్టిండా నీ గింజలాయన?" అని సాయంత్రం తలుపు తీయగానే అడిగేది మా రూమ్మేట్. వరంగల్ పిల్ల, నోరు మంచిదే కానీ ఆగదు.

"చూద్దామన్నాడే."

"గట్ల చూసుకుంట కూసుంటే మార్చి ఒడుస్తది. ఏదన్న గొప్ప పని జేసి చూపియ్యి. ఆయనే పిలిచి పెడ్తడు."

ఆ గొప్ప పని నాకు ఒక సోమవారం దొరికింది. ఆదివారం స్కోర్లు చూస్తుంటే, మా జట్టు మధ్యాహ్నం ఒకే సమయానికి ఫ్లోరిడాలో ఈ మూల ఒక ఊళ్ళో ఓడిపోయింది, ఆ మూల ఇంకో ఊళ్ళో గెలిచింది. ఒళ్ళు జలదరించింది. డేటాబేస్ చదువుకున్నవాళ్ళకి ఇంతకంటే స్పష్టమైన తప్పు కలలో కూడా కనిపించదు. రెంటిలో ఏది నిజమో తేల్చడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఓడిపోయిందే నిజమై ఉండాలి. గెలిచినదాన్ని తీసేశాను. అంతటితో ఆగానా? ఇకముందు ఒక జట్టు పేరు ఒకే వేళకి రెండు చోట్ల వస్తే సిస్టమే ఒకటి కొట్టేసేలా ఏర్పాటు చేసి, 'చాలాకాలంగా ఎవరూ గమనించని లోపాన్ని సరిదిద్దాను' అని ఆఫీసు మొత్తానికి మెయిల్ పంపాను. గింజలాయన ఆ రోజు బయట ఎక్కడో ఉన్నాడు. నేను ఇంటికి పోతూ మిఠాయి కూడా కొన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ, ఒహాయో నుంచి.

"హనీ, ఆదివారం మ్యాచ్ మీ దాంట్లో కనబడటం లేదు."

"ఉందండీ. ఓడిపోయాం."

"అది కాదు, గెలిచింది."

"గెలవలేదండీ. ఒకే జట్టు ఒకే సమయానికి రెండు ఊళ్ళలో ఎలా ఆడుతుంది? అది కంప్యూటర్ పొరపాటు. నేనే తీసేశాను," అన్నాను గర్వంగా.



"నేను అక్కడ కూర్చున్నాను కదమ్మా," అందావిడ మెల్లగా. "మా అబ్బాయి హోమ్ రన్ కొట్టాడు, బంతి గోడ దాటి జనంలో పడింది. లేచి ఎగిరేసరికి నా లెమనేడ్ అంతా పక్కాయన ఒళ్ళో పడింది."

"మీకు కచ్చితంగా తెలుసా అండీ?"

(ఆ ప్రశ్న నిజంగా అడిగాను. ఇప్పుడు నన్నెవరైనా అలా అడిగితే ఫోన్‌లోంచి చెయ్యి పెట్టి జుట్టు పట్టుకుంటాను.) ఆవిడ మాత్రం కోప్పడలేదు. స్కూల్ బస్సు నడుపుతానంది. సెలవు పెట్టి అంత దూరం కార్లో వెళ్ళానంది. పెద్ద జట్టు చొక్కా వేసుకుని కొడుకు ఆడటం అదే మొదటిసారి, వాళ్ళ బంధువులందరికీ మా సైటులో చూసుకోమని చెప్పింది. "వాళ్ళంతా నేను ఎండదెబ్బ తగిలి వచ్చాననుకుంటున్నారు," అంది.

అప్పుడే గింజలాయన వచ్చాడు. నా మెయిల్ చదివినట్టున్నాడు. కప్పు బల్లమీద పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు. మార్చిలో జట్టులో మనుషులు ఎక్కువగా ఉంటారనీ, అందరికీ అవకాశం రావాలని సగం మందిని బస్సులో ఇంకో ఊరికి పంపి, సగం మందిని ఉన్న ఊళ్ళోనే ఉంచి, ఒకేసారి రెండు మ్యాచ్‌లు ఆడతారనీ చెప్పాడు.

"మరి అసలు జట్టు ఏ సగం?"

"రెండూ."

"ఓడితే?"

"ఏమీ కాదు."

"గెలిస్తే?"

"ఏమీ కాదు. ఈ నెల ఆటలు లెక్కలోకి రావు."

నెల రోజులుగా నేను పడిన దిగులు మొత్తం నా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. "ఏవీ రావా?" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నమలడం ఆపేశాడు. నేను రాసినవి జోకులు కావని ఆయనకి తెలిసింది ఆ క్షణంలోనే.

ఇక సంతకం ఆశ వదిలేసుకున్నాను. తీసేసిన మ్యాచ్‌ని మళ్ళీ ఎక్కించాను. స్కోరు ఒక్కటే పెడితే మనసొప్పక ఆవిడకి ఫోన్ చేసి ఆ హోమ్ రన్ ఎలా కొట్టాడో చెప్పమన్నాను. ఆవిడ చెప్పిన దాంట్లో బంతి గురించి కొంచెం, ఆ పొద్దున పిల్లాడు సరిగ్గా తినకపోవడం గురించి చాలా ఉంది. అలాగే రాశాను. గింజలాయన ఒక్క మాటా మార్చకుండా పెట్టేశాడు. అది సైటులోకి ఎక్కిన రోజు సాయంత్రమే ఫ్లోరిడా నుంచి వార్త వచ్చింది: ఆ అబ్బాయిని కింది స్థాయి జట్టుకి, మైనర్ లీగ్‌కి పంపేశారు. అది కూడా నేనే ఎక్కించాను.

మార్చి ఆఖరున గింజలాయన పిలిచి నా కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆయన ఉప్పు వేళ్ళ తడికి ఎక్కడ చెరిగిపోతుందోనని గాలికి ఆరబెట్టాను. ఎందుకు పెట్టారని అడిగే ధైర్యం లేకపోయినా ఆయనే చెప్పాడు: "ఈ ఆఫీసులో అందరికీ తెలుసు ఇవి ఉత్త ఆటలని. నిజమని నమ్మేవాళ్ళు ఒక్కళ్ళైనా ఉండాలి." వెంటనే ఇంకో పని కూడా చెప్పాడు. సీజన్ మొదలవుతోంది కాబట్టి మార్చి స్కోర్లన్నీ తుడిచెయ్యమన్నాడు.

"మొన్న ఒక్కటి తుడిచినందుకే కదండీ..."

"మొన్న మార్చి. రేపట్నుంచి ఏప్రిల్."

తుడిచేశాను. కొన్ని వారాలకి నా వీసా ప్యాకెట్ తిరిగొచ్చింది. లాటరీలో తగల్లేదు. లోపలి కాగితాలు ఎవరూ తిప్పి చూసిన గుర్తు కూడా లేదు. రూమ్మేట్ ఆ రోజు మొదటిసారి నోరు మూసుకుని నాకు అన్నం పెట్టింది. గింజలాయన మాత్రం మండిపడ్డాడు. "చదవనన్నా చదవలేదా? ఆ కుర్రాడికి కనీసం ఒకసారి బ్యాట్ చేతికిచ్చి చూసి పంపారు!"

ఆ వారంలోనే ఒహాయో ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. "హనీ, ఆ మ్యాచ్ మళ్ళీ పోయింది."

ఈసారి నేనే ఆవిడకి అంతా వివరించాను. వింది. తర్వాత, "నీ గొంతేమిటి అలా ఉంది?" అంది. చెప్పకూడదనుకుంటూనే వీసా సంగతి మొత్తం చెప్పేశాను.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదండీ. కంగారుపడుతుందని."

"ఆవిడ ఇప్పటికే పడుతోందమ్మా. దేని గురించో తెలియక అన్నిటి గురించీ పడుతోంది. ఒక్కదాని గురించి పడనీ."

అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "ఇంతేనా!" అంది. ఇంతేనా ఏమిటే, నేనేమైపోతానో అన్నాను. "నీ గొంతు బాగోక ఇన్ని రోజులూ నేనేమనుకున్నానో తెలుసా?" అని మొదలుపెట్టింది. కారు యాక్సిడెంటు, క్యాన్సరు, ఎవరో తెల్లబ్బాయి, మంచులో జారి తలకి దెబ్బ తగిలి నేను పేరు మర్చిపోవడం... చాలాసేపు చెప్పింది. వింటూ వింటూ నాకు నవ్వొచ్చింది. నా దిగులు ఏ కార్ఖానాలో తయారైందో అప్పుడు తెలిసింది.

స్టూడెంట్ వీసా కోసం మళ్ళీ కాలేజీలో చేరి ఎలాగో నిలదొక్కుకున్నాను. మరుసటి ఏడాది వేరే కంపెనీ, వేరే సంతకం. ఆ అబ్బాయి పేరు పెద్ద జట్టులో మళ్ళీ చూడలేదు. కొంతకాలానికి వెతకడం కూడా మానేశాను. ఎక్కడో ఎండలో ఒళ్ళు విరుచుకుంటున్న మగవాళ్ళ కోసం, కిటికీలోంచి మంచు చూస్తూ నిజంగా గుండెలు బాదుకున్న ఆ పిల్ల మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఇవేవీ లెక్కలోకి రావని వెళ్ళి దాని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఎందుకైనా మంచిదని ఇంకాసేపు దిగులుపడి, అప్పుడు పడుకుంటుంది.