పొడుగాడా, బండోడా

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు అమెరికాలో జరగబోయే ఒక బాక్సింగ్ పోటీ గురించి అన్నం కూడా సరిగ్గా తినకుండా వాదించుకున్నారు. ఒకరు మా నాన్న. హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో, స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. రెండో ఆయన మావయ్య, అమ్మకి సొంత అన్నయ్య. చరోదా రైల్వే యార్డులో వేగన్లు కలిపే పని చేసి రిటైరయ్యాడు. నేనూ ప్లాంటులోనే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి సెక్టర్ 2లో క్వార్టరు నా పేరు మీద ఉంది. అమ్మా నాన్నా నా దగ్గరే ఉంటారు.

అత్తయ్య పోయాక మావయ్య మాకు దగ్గర్లోని ఉతైలో కూతురి దగ్గర ఉండేవాడు. ఆ కూతురు నాకు వదిన. "మా నాన మాటాడ్డమే మానేశాడే. అన్నం పెట్టనా అంటే తలూపుతాడు, వద్దా అంటే కూడా తలూపుతాడు" అని ఫోనులో ఏడ్చింది. చోటు మారితే బాగుంటాడేమోనని అమ్మ వెళ్ళి తీసుకొచ్చింది. మా ఇంట్లోనూ అంతే. ముందుగదిలో మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు టీవీలో ఆ పోటీ ప్రకటన వచ్చింది. ఇద్దరు హెవీవెయిట్లు ముక్కూ ముక్కూ ఆనేలా నిలబడి గుడ్లురుముకుంటున్నారు. ఒకడు తాటిచెట్టంత పొడుగు. ఇంకొకడు పొట్టిగా, బండగా, మెడన్నది లేకుండా ఉన్నాడు. నాన్న చానల్ మారుస్తూ మాటవరసకి, "పొడుగాడే గెలుస్తాడు" అన్నాడు.

"నీ మొహం" అన్నాడు మావయ్య.

అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మా ఇంటికొచ్చాక మావయ్య తనంతట తాను పలికిన మొదటి మాట అది.

నాన్నకి కోపం రావాలా సంతోషించాలా తెలీలేదు. కోపమే వచ్చింది. "నీకేటి తెలుసు బావా? క్రేన్‌కి చెయ్యి ఎంత పొడుగుంటే అంత దూరం నుంచి పనైపోద్ది. ఆ బండోడు దగ్గరికి రానేలేడు."

"లోడెక్కిన వేగను చూశావేటి నువ్వు? ఇంజను గుద్దినా కదలదు. పొడుగాడు ఖాళీ వేగను. గుద్దితే పట్టాలు దిగిపోతాడు."

అక్కడ మొదలైంది. ఆ ఇద్దరిలో ఎవరూ జీవితంలో ఒక్క బాక్సింగ్ పోటీ కూడా పూర్తిగా చూసినవాళ్ళు కారు. అయినా కాఫీ దగ్గర అదే గొడవ, కూర దగ్గర అదే గొడవ. నాన్న బెండకాయని పొడుగాడి చెయ్యిగా, మావయ్య బంగాళాదుంపని బండోడి తలగా చూపిస్తూ పళ్ళేల్లో కుస్తీ పట్టించేవారు. చివరికి నాన్న, "మాటలెందుకు బావా, ప్లాంటులో ఏ మిషనొచ్చినా ముందు ట్రయల్ తీస్తాం. మనమూ తీద్దాం" అన్నాడు.

నా వీక్లీ ఆఫ్ రోజున, ఎండెక్కాక, ఇంటి ముందు జాగాలో ట్రయల్ పెట్టారు. ఎవడు గెలుస్తాడని ఎవరన్నారో, వాడి వేషం వాళ్ళే కట్టాలి. చిక్కల్లా అక్కడే వచ్చింది. పొడుగాడి పక్షం మాట్లాడే మా నాన్న పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. బండోడి పక్షం మాట్లాడే మావయ్య సిగ్నల్ స్తంభంలా ఉంటాడు. అందుకని నాన్న చేతులు పొడుగవడానికి నేల తుడిచే వైపరు కర్ర పట్టుకుని, దాని చివర మొక్కలకి పాదులు తవ్వేటప్పుడు వేసుకునే తోలు గ్లవ్ తొడిగాడు. మావయ్య అమ్మ పాతచీరతో బియ్యం బస్తా పొట్టకి కట్టించుకున్నాడు. తలకి మంకీక్యాప్, చేతులకి దూది కుక్కిన మేజోళ్ళు.

"బియ్యం ఒలికాయంటే ఇద్దరికీ ఈ పూట తిండి పెట్టను" అంది అమ్మ. అలా అంటూనే గంట కొట్టడానికి స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని అరుగు మీద కూర్చుంది. నన్ను రెఫరీ అన్నారు.

అమ్మ పళ్ళెం మోగించింది. మావయ్య బస్తా బరువుకి ముందుకి వంగి, నెమ్మదిగా, నిజంగానే గూడ్సు బండిలా కదిలాడు. నాన్న కర్రతో గుండె మీద ఒకటి పొడిచాడు.

"తగిలిందా బావా?"

"తగిల్తే ఏటి? కదిలేనా?"

నాన్నకి రోషమొచ్చి గట్టిగా పొడిచాడు. ఈసారి గ్లవ్ ఊడిపోయి కర్ర బస్తాలో దిగింది. బియ్యం బొలబొలా కారాయి. వాటి మీద మావయ్య కాలు జారి, సరాసరి వెళ్ళి నాన్న మీద పడ్డాడు. ఇద్దరూ కిందా మీదా. పైన మావయ్య, కింద నాన్న, మధ్యలో బస్తా. రెఫరీని కాబట్టి నేను పక్కన వంగి గట్టిగా అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గంట ఎప్పుడు ఆపాలో తెలియక అమ్మ పళ్ళెం వాయిస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడు పక్క క్వార్టరు దీదీ గోడ మీంచి తొంగి చూసింది.

"అరే బాప్ రే! మార్ డాలా! కోయీ బచావో!" అని, చంపేస్తున్నారు కాపాడండంటూ వీధంతా వినపడేలా కేక పెట్టింది.

ఉతికే బట్టలు వదిలేసి కొందరు, టిఫిన్లు వదిలేసి కొందరు వచ్చిపడ్డారు. ఇద్దర్నీ విడదీసి చెరో కుర్చీలో కూర్చోబెట్టారు. మా లైన్లో రిటైరైన ఒక ఆఫీసరు గారున్నారు. విజయనగరం వైపు ఆయన, కాలనీలో ఎవరింట్లో తగువైనా ఆయనే తీర్చాలి. ఆయన కుర్చీ వేయించుకుని ఇద్దరి మధ్య కూర్చున్నారు.

"ఈ వయసులో ఏమిటండీ ఇది? అసలు గొడవ దేని గురించి?"

"ఎవడు పడిపోతాడో అని" అన్నాడు మావయ్య.

"ఎవరు పడ్డారు?"

"ఇద్దరం పడ్డాం."

"మరి అయిపోయినట్టే కదా?"

"అప్పుడే ఎలగైపోద్దండీ? ఆదివారం పొద్దున్న ఉంది" అన్నాడు నాన్న.

ఆఫీసరు గారి మొహం పాలిపోయింది. "ఆదివారం మళ్ళీనా?"

నేను అడ్డుపడి ఇది బాక్సింగ్ పోటీకి ట్రయల్ అని చెప్పాను. ఇంటి పరువు కాపాడుకోవడానికి అబద్ధమాడుతున్నాననుకుని ఆయన నా తల నిమిరారు. "నువ్వు బాధపడకమ్మా" అన్నారు.

సాయంత్రానికి విజయనగరం నుంచి పిన్ని ఫోను. "మా అన్నయ్యని బావగారు కర్రతో పొడిచేశారటగా? ఆస్తి గొడవేటే?" పంచుకోడానికి మా దగ్గర ఆస్తంటూ ఏదీ లేదని చెప్పినా ఆవిడ నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఉతై నుంచి వదిన స్కూటరు మీద దిగింది. తండ్రి వీపు, మెడ, మోచేతులు తడిమి చూసి, "నానా, బట్టలు సర్దు. ఎల్లిపోదాం" అంది.

"ఆదివారం దాకా రాను."

"నిన్ను కొట్టినోళ్ళింట్లో ఉంటావేటి?"

"ఎవడు కొట్టేడు? నేను పడ్డానంతే. ఆ మాటకొస్తే మీ మావయ్య మీదే పడ్డాను" అని మావయ్య గర్వంగా చెప్పాడు. తర్వాత లోడెక్కిన వేగను సంగతి కూతురికి మొదటినుంచీ వివరించాడు. వదిన నోరు తెరుచుకుని వింది. ఎన్నాళ్ళకో తండ్రి అంతసేపు మాట్లాడితే ఆమె కళ్ళు తుడుచుకుంది. వేగను గురించి ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. తనూ మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న ఉప్మా తినేవేళకి పోటీ మొదలైంది. కొట్లాట జరక్కుండా చూడ్డానికి ఆఫీసరు గారు మరో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. పక్కింటి దీదీ కూడా వచ్చింది. సోఫాకి ఒక చివర నాన్న, రెండో చివర మావయ్య, మధ్యలో ఆయన.

"ఇందులో మీవాడెవరు?" అని నాన్నని అడిగారు ఆఫీసరు గారు. "మీవాడో?" అని మావయ్యని అడిగారు. ఇద్దరూ టీవీ వైపు వేళ్ళు చూపించారు. అప్పటికి గాని ఆయనకి విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క క్షణం సిగ్గుపడ్డట్టున్నారు. ఆ తర్వాత బండోడు పొడుగాడి డొక్కలో ఒకటి గుద్దేసరికి, ఆయనే లేచి నిలబడి, "మారో! ఔర్ మారో!" అని గాలిలో పిడికిళ్ళు విసరడం మొదలుపెట్టారు. దీదీ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పొడుగాడు దూరం నుంచి కొడుతూనే ఉన్నాడు. బండోడు తింటూనే ముందుకొస్తున్నాడు. ఎవడూ పడలేదు. చివరి గంట కొట్టాక న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పారు: ఇద్దరూ సమానం.

ఆఫీసరు గారొక్కరే చప్పట్లు కొట్టారు. "చలో, సమ్‌ఝౌతా హో గయా" అన్నారు, ఆ రాజీ తనే కుదిర్చినట్టు.

"సమానమేటి?" అని నాన్న లేచాడు. "ఆళ్ళకి కళ్ళున్నాయా?"

"కళ్ళుంటే ఇలగ చెప్తారేటి బావా?" అన్నాడు మావయ్య. "పొడుగాడే గెలిచాడని చెప్పినా ఊరుకుందును. సమానం అంటారా!"

"బండోడికిచ్చినా నేను నోరెత్తకపోదును, బావా!"

ఇద్దరూ ఒకటై అమెరికా జడ్జీలని తిడుతూ వాకిట్లోకి నడిచారు. రాజీ చెయ్యడానికి వచ్చినవాళ్ళకి ఇక పని లేకపోయింది. మిగిలిన ఉప్మా తిని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం వదిన సంచీ సర్దుకుంది. "నానా, అయిపోయింది కదా. పద."

"ఎక్కడైంది? ఇద్దరూ సమానమైతే మళ్ళీ పెడతారంట."

"ఎప్పుడు?"

"ఇంకా చెప్పలేదు."

"మరి?"

"చెప్పేదాకా ఉంటాను" అన్నాడు మావయ్య. నాన్న కేసి తిరిగి, "ఈసారి బండోడు ఎడం పక్క నుంచి రావాలి బావా, చెప్తాను ఉండు" అన్నాడు.

వదిన గేటు దగ్గర స్కూటరు తీస్తూ నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు. "ఆళ్ళు మళ్ళీ కొట్టుకోడం ఆలస్యమైతే బాగుణ్ణే" అంది.

రెండో పోటీ సంగతి ఇంతవరకూ ఎవరూ ప్రకటించలేదు. మావయ్య మా ముందుగదిలోనే ఉన్నాడు.